రొయ్యల బాక్సులో హైదరాబాద్ వెళ్ళిన కణితి ముక్కలు

కణితి శాంపిళ్ళ మీద హైదరాబాద్ ల్యాబ్ నుంచి మొదటిసారి రిపోర్టు వచ్చినప్పుడు గ్రాఫులో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న పీకు చూసి ఎగిరి గంతేశాను. రొమ్ము క్యాన్సర్ కణితిలో ఇంత ఎక్కువగా ఉండే లిపిడ్ (కొవ్వు పదార్థం) దొరికేసింది, ఇక పేపర్ రాసేసుకోవడమే అనుకున్నాను. ల్యాబ్‌లో మెషిన్ చూసే మేడమ్ ఫోన్‌లో నెమ్మదిగా అడిగారు.

"ఏ ట్యూబులు వాడారమ్మా?"

"మామూలు ప్లాస్టిక్‌వేనండి."

"అయితే అది మీ ట్యూబేనమ్మా. ఎరుకమైడ్ అంటారు. ప్లాస్టిక్ జారుడుగా ఉండాలని కలుపుతారు. క్లోరోఫాం పోస్తే బయటికొచ్చేస్తుంది."

నాలుగు నెలలు పోగేసిన శాంపిళ్ళలో సగం అలా పోయాయి. మా గైడ్ గారికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

నేను కాకినాడలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కణం రెండుగా చీలాలంటే కొత్త పొర కావాలి, ఆ పొరలో ముఖ్యమైన సరుకు లిపిడ్లే. చాలా రకాల క్యాన్సర్ కణాలు బయటి కొవ్వు కోసం ఎదురుచూడకుండా ఫ్యాటీ యాసిడ్లను సొంతంగా తయారుచేసుకుంటాయి. అందుకే కణితిలో ఏ లిపిడ్ ఎంత ఉందో, పక్కనున్న మామూలు కణజాలంలో ఎంత ఉందో పోల్చి చూడాలన్నది నా పని. దానికి మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే అణువులను వాటి బరువును బట్టి గుర్తుపట్టే మెషిన్ కావాలి. కోట్లు పోసి కొనాలి, మా కాలేజీ వల్ల అయ్యే పని కాదు. పరిశోధన పరికరాలు ఎక్కడున్నాయో చూపించే ఐ-స్టెమ్ పోర్టల్‌ని కేంద్రం 2020లో తెచ్చింది, అందులో వెతికితే, బయటివాళ్ళకూ శాంపిల్‌కి ఇంతని తీసుకుని చేసిపెట్టే ల్యాబ్ హైదరాబాద్‌లో కనిపించింది. ఫారం, ఎథిక్స్ కమిటీ లెటర్, శాంపిళ్ళకు హెపటైటిస్, హెచ్‌ఐవీ టెస్టులు జరిగాయో లేదో వివరం, డబ్బు కట్టిన రసీదు. ఇవన్నీ విసుగే గానీ కష్టం కాదు.

నేను తప్పు చేసింది మా ల్యాబ్‌లోనే. లిపిడ్లను బయటికి తీయడానికి ఇప్పటికీ చాలామంది వాడేది 1957 నాటి ఫోల్చ్ పద్ధతి. రెండు పాళ్ళ క్లోరోఫాం, ఒక పాలు మెథనాల్. నూరిన కణజాలం మీద అది పోసి, బాగా కలిపి, కాస్త నీళ్ళు చేర్చి తిప్పితే రెండు పొరలుగా విడిపోతుంది. పులుసులో నూనె పైకి తేలుతుంది కదా, ఇక్కడ తిరగేసి ఉంటుంది. కొవ్వు కరిగిన క్లోరోఫాం అడుగుకి దిగుతుంది, నీళ్ళు పైన ఉంటాయి, మధ్యలో ప్రోటీన్ తెల్లగా మీగడలా కడుతుంది. ఆ మీగడ చెదరకుండా సన్నటి గాజు పిప్పెట్ దించి అడుగుది మాత్రమే లాగాలి. చెయ్యి వణికితే అంతే. నాకు చెయ్యి వణకలేదు, అక్కడ గొప్పగా చేశాను. పోసిందే ప్లాస్టిక్‌లో.

రెండోసారి మేడమ్ ఇంకో మాట చెప్పారు: "తీయడం మేమే చేస్తాం, ముక్కలు గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే తీసుకురండి." గాజు వయల్స్‌లో, టెఫ్లాన్ మూతలతో వాళ్ళే చేస్తారట. అసలు పని మొదలుకాక ముందే ప్రతి శాంపిల్లోనూ తెలిసిన కొలతలో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న లిపిడ్లు కలుపుతారట. మధ్యలో ఎక్కడ ఎంత పోయినా అవీ అదే లెక్కన పోతాయి కాబట్టి అసలు లెక్క దొరుకుతుంది. ఇది మొదటే అడిగి ఉంటే ఎంత బాగుండేది!

ఇక తీసుకెళ్ళడం. మైనస్ 80 ఫ్రీజర్‌లోంచి తీసిన ట్యూబు మీద మా ఊరి మే నెల గాలికి క్షణాల్లో మంచు పట్టేస్తుంది. పేపర్ లేబుళ్ళు ఊడొచ్చాయి, మార్కర్ రాత స్పిరిట్ తగిలి చెరిగింది. కూర్చుని 24 ట్యూబులకూ అంత చలికీ ఊడని క్రయో లేబుళ్ళు మళ్ళీ అంటించాను. పన్నెండు మందివి, ఒక్కొక్కరివి రెండేసి. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ఆర్డర్ పెట్టి తెప్పించాం. బాక్సు కోసం ఎక్కడెక్కడో తిరిగితే చివరికి మా బావ, "రొయ్యలు పంపేవాళ్ళని అడక్కుండా ఇదేం తిరుగుడే?" అన్నాడు. నిజమే, డెల్టాలో చల్లగా పంపడం వాళ్ళకన్నా తెలిసినవాళ్ళెవరు? మందపాటి కొత్త థర్మాకోల్ పెట్టె ఇస్తూ రొయ్యలు పంపే ముసలాయన, "ఆయ్, టేపు గట్టిగా చుట్టేయమంటారాండి?" అన్నాడు. వద్దన్నాను. డ్రై ఐస్ కరగదు, గ్యాస్ అయిపోతుంది. గాలి పోయే దారి లేకపోతే పెట్టె పగులుతుంది. బస్సు వాళ్ళు ఒప్పుకోలేదు. బావ కారులో, అద్దాలు కొంచెం దించుకుని, రాత్రంతా వెళ్ళాం. తెల్లారేసరికి పది కిలోల్లో సగం మిగిలింది.

నేను కణితి ముక్కలన్నీ ముందు, మామూలువి తర్వాత రాసిచ్చిన లిస్టును మేడమ్ పేకముక్కల్లా కలిపేశారు. గంటలు గడిచేకొద్దీ మెషిన్ చూపు కొద్దిగా మారుతుందట. వరసగా పెడితే ఆ మార్పే క్యాన్సర్ తేడాలా కనిపిస్తుంది. అన్నిట్లోంచీ చుక్కచుక్క తీసి కలిపిన ఒక వయల్‌ని, మెషిన్ ఎంత మారిందో తెలియడానికి మధ్యమధ్యలో నడిపారు, అన్నం మెతుకు పట్టి చూసినట్టు.

మూడు వారాలకు ఎక్సెల్ షీటు వచ్చింది. పీసీ 34:1 లాంటి పేర్లు వందల్లో ఉన్నాయి. అంటే ఫాస్ఫాటిడైల్ కోలిన్ అనే లిపిడ్, దాని రెండు ఫ్యాటీ యాసిడ్ తోకల్లో కలిపి 34 కార్బన్లు, ఒక డబుల్ బాండ్. ఏ తోకలో ఎన్ని అన్నది ఆ పేరు చెప్పదు. నేను అవేవీ చూడలేదు, ముందు ఎరుకమైడ్ కోసం వెతికాను. శాంపిల్ లేని ఖాళీ వయల్‌లో ఎంత ఉందో నా వాటిలోనూ అంతే ఉంది, బొత్తిగా కొంచెం. ఇప్పుడు స్టాటిస్టిక్స్ దగ్గర కూర్చున్నాను. అది ఇంకో బాధ.