ఎర్త్ పాయింటు మీద పెయింటు

నిద్ర రావట్లేదు. కారణం 10 నంబర్ స్పానరుతో విప్పే ఒక చిన్న బోల్టు.

చిన్నాడి కారు ఇవాళ పెయింటు షెడ్డు నుంచి వచ్చింది. అద్దంలా ఉంది, పనితనానికి వంక పెట్టలేం. కానీ బోనెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ ట్రే పక్కనుండే ఎర్త్ పాయింటు (కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లడానికి వైరు బిగించే చోటు) కూడా తెల్లగా మెరుస్తోంది. వైరు విప్పి, రంధ్రం చుట్టూ కోటింగు కొట్టి, ఆరాక ఆ పెయింటు మీదే మళ్లీ లగ్గు, అంటే వైరు చివరుండే రింగు, పెట్టి బిగించేశారు. "ఏటి గురూ, బోల్టు టైటుగానే ఉంది కదా" అన్నారట. టైటుగానే ఉంది. పెయింటు కరెంటును పోనివ్వదు కదా. లగ్గుకీ బాడీకీ మధ్య ఇక మిగిలిన దారి బోల్టు మరలు మాత్రమే. వాటిలోనూ సగం పెయింటే.

ఇలాంటిది చూసినప్పుడల్లా ఆ మారుతి ఎస్టీమ్ రేసు కారే గుర్తొస్తుంది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు, చుట్టు 3.7 కిలోమీటర్లు. ఇక్కడినుంచి దాదాపు 800 కిలోమీటర్లు ట్రక్కు మీద మోసుకెళ్లిన బండి. మొదటి కొన్ని ల్యాపులు గడియారంలా తిరిగేది. ఇంజిన్ బాగా వేడెక్కాక మిస్ కొట్టడం మొదలు. స్ట్రెయిట్‌లో ఊపందుకోదు, యాక్సిలరేటర్ వదిలితే పటపటమంటుంది. పిట్‌లోకి, అంటే ట్రాకు పక్కన రిపేరు చేసే చోటికి, తెచ్చి స్పార్క్ ప్లగ్గులు విప్పితే నాలుగూ మసి. మసి కనపడగానే తలా ఒక మాట: ఇంజెక్టర్లు కారుతున్నాయని ఒకరు, రింగులు పోయాయని ఇంకొకరు. ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు, పెట్రోల్ ఫిల్టరూ మార్చారు. కారు చల్లారాక స్టార్ట్ చేస్తే మళ్లీ ఏ జబ్బూ లేదు!

పక్క పిట్‌లో ఒక పెద్దాయన, తమిళాయన, ఎలక్ట్రీషియన్. వచ్చి ఏమీ విప్పలేదు. ఇంజిన్ ఆన్‌లో పెట్టించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలైంది, ఇంజిన్ తడబడింది. ఆయన వంగి ఫ్యాన్ ప్లగ్గు పీకాడు. ఇంజిన్ సాఫీగా తిరిగింది. ప్లగ్గు పెట్టాడు, మళ్లీ తడబాటు. మల్టీమీటర్ తీసి ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఎర్త్ వైరు మీద పెట్టాడు. ఫ్యాన్ ఆగి ఉంటే దాదాపు సున్నా. తిరిగితే అర వోల్టు.

అంతే రోగం. ఫ్యానుకీ ఈసీయూకీ ఒకటే ఎర్త్ పాయింటు, దాని మీద పెయింటు, కింద తుప్పు. ఒకే పైపుకి రెండు వాటాలుంటే పక్కవాళ్లు మోటారు వేసినప్పుడు మన కుళాయి సన్నబడినట్టు. ఫ్యాను 10 ఆంపియర్లు లాగుతుంది. ఆ జాయింటులో 0.05 ఓమ్ అడ్డు ఉన్నా అర వోల్టు అక్కడే మిగిలిపోతుంది. ఇంజిన్ వేడి చెప్పే సెన్సరు నడిచేది 5 వోల్టుల మీద. వేడెక్కిన కొద్దీ దాని వోల్టేజి తగ్గాలి. ఎర్త్ అర వోల్టు అటూ ఇటూ అయితే ఈసీయూ ఆ లెక్క తప్పు చదవొచ్చు; ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుంటే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ప్లగ్గుల మీద మసి అక్కడినుంచి వచ్చింది. ఆ బండిలో ఫ్యాన్‌ని రేడియేటర్ మీదున్న వేరే స్విచ్చు నడుపుతుంది గనక, ఈసీయూ ఏమనుకున్నా అది ఆగదు. మొదటి ల్యాపుల్లో ఫ్యాన్ తిరగదు కాబట్టి జబ్బు కనపడదు.

ఒళ్లు మండేది ఇక్కడే. కారు ఆగిందంటే చాలు "ఇంజిన్ దించేద్దాం" అంటారు. దించడం మొదలెడితే గాస్కెట్లు, రింగులు, హెడ్డు పని, లేబరు... వేలకు వేలు. ఎర్త్ వైరు చూడటానికి మల్టీమీటర్ చాలు. అయినా మీటర్ పెట్టేవాడు పదిమందిలో ఒకడు. పైగా "మనవి చవక కార్లు బావా, ఆగిపోక ఏం చేస్తాయి" అని ఒక తీర్పు. 2016లో ఫ్రాన్స్‌లో జరిగిన లె మాన్ 24 గంటల రేసులో టొయోటా 5వ నంబరు కారు ఇంకో మూడు నిమిషాల్లో 24 గంటలూ పూర్తి చేయబోతూ, ముందంజలో ఉండి, స్టార్ట్ లైను దగ్గర ఆగిపోయింది. ఆగింది టర్బోకీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య గాలి గొట్టం కనెక్టర్ పోవడం వల్ల. డబ్బు లేక కాదు కదా! ఎంత పెద్ద బండైనా ముందు అతుకుల దగ్గరే ఓడుతుంది. మన ఖాళీ జేబులు చూపించి అతుకుల్ని వదిలేయడం నాకు నచ్చదు.

ఇంతవరకూ రాశాక ఇంకోటి తోస్తోంది. తప్పంతా పెయింటర్ మీద వేయడం న్యాయం కాదేమో. ఆ ఎస్టీమ్ పెయింటు తర్వాత వెళ్లిన మొదటి రేసులు బాగానే నడిచింది. బోల్టు మరలే కరెంటు మోశాయి. దాన్ని చంపింది రేసు కాదు, రేసుకీ రేసుకీ మధ్య షెడ్డులో ఊరికే నిలబడటం. మన ఊరి గాలిలో ఉప్పుంది. రాగి లగ్గు, ఇనుప బాడీ, మధ్యలో ఉప్పు తేమ చేరితే అదొక చిన్న బ్యాటరీ. తినేది ఇనుమునే. పెయింటు లేకుండా రేకు వదిలేస్తే రెండు రోజుల్లో ఎర్రబడే ఊళ్లో, అంతా కప్పేయాలనుకున్న పెయింటర్ ఆలోచన సగం కరెక్టే.

నిలబడటం మిగతావాటినీ అంతే చేస్తుంది. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలదాకా మరగదు. తేమ పీల్చాక ఆ కనీస హద్దు 155కి దిగిపోతుంది. డబ్బా మూత తీసి నెలలుగా ఉన్నది మళ్లీ పోస్తే సగం రేసులో పెడల్ మెత్తబడిపోతుంది. బ్రేకు క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి, క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అంటుకుంటుంది. కాబట్టి బండి కవర్ కప్పి వదిలేయడం కాదు, వారానికోసారి ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి, రెండు గేర్లు మార్చాలి, బ్రేకులు వేయాలి.

చిన్నాడు రేపు చేయాల్సింది ఇది. ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయాలి. లగ్గు విప్పి, వాషర్ ఆనేంత మేర 120 ఎమరీ పేపరుతో తెల్ల ఇనుము కనపడేదాకా రుద్దాలి, అంతకంటే వెడల్పు వద్దు. లగ్గు తగరపు పూతదే కొనాలి, క్రింప్ చేయాలి, అంటే వైరు మీద నొక్కి బిగించాలి. సోల్డర్ చేస్తే అది వైరు లోపలికి పాకి, గట్టిపడిన చోటే వైబ్రేషన్‌కి తెగుతుంది. పళ్ల వాషర్ వేసి బిగించాలి. వాసెలీన్ బిగించాక పైన పూయాలి, ముందు కాదు. ఈసీయూ ఎర్త్‌ని ఆ పాయింటు నుంచి తప్పించి, వేరే వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కి ఇవ్వాలి. ఇంజిన్ బ్లాకు నుంచి బాడీకి 25 స్క్వేర్ ఎంఎం పట్టీ ఒకటి.

పరీక్ష: మీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టాలి. 0.2 వోల్టు లోపు ఉంటే మంచిది, 0.5 దాటితే మళ్లీ విప్పాల్సిందే. మొనని బ్యాటరీ పోస్టు మీదే ఆనించాలిరా, దానికి బిగించిన వైరు క్లాంపు మీద కాదు. క్లాంపు మీద పెడితే ఆ అతుకులో ఉన్న నష్టం లెక్కలోకి రాదు. తర్వాత ఫ్యాన్ తిప్పి ఈసీయూ వైరు దగ్గర చూస్తే 0.05 దాటకూడదు.

సాయంత్రం ఎర్త్ వైరుకి జంపర్ కేబుల్ తగిలించి స్టార్ట్ చేస్తే ఐడిల్ ఎంత నిలకడగా ఉందో, బాగుంది. అమ్మ లైటు ఆర్పమంటోంది. చిన్నాడా, డోర్లు పెయింటుకి పంపేటప్పుడు ప్రతి ఎర్త్ రంధ్రంలో ఓ పాత బోల్టు, కింద వాషర్ పెట్టి పంపు. విప్పొద్దని పెయింటర్‌కి నువ్వే చెప్పు, ఫోన్లో కాదు, వెళ్లి చూపించి.