ఎడమ బాక్సు

1993లో నేను ఈసీఈ డిప్లొమా రెండో సంవత్సరం. హాస్టల్లో మా వరండా వాళ్లం పన్నెండు మందిమి తలా యాభై వేసుకుని, ఎర్రగడ్డ ఆదివారం సంతలో 600 రూపాయలకు ఒక పాత స్టీరియో ఆంప్లిఫయర్ కొన్నాం. చెక్క డబ్బా, ముందు అల్యూమినియం పలక, వెనక నాలుగు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. సంతలో కరెంటు పెట్టి పాడించి చూపించారు గానీ, అక్కడున్నది ఒక్క స్పీకరే. హాస్టల్‌కి తెచ్చి రెండు బాక్సులూ కలిపాక తెలిసింది. కుడివైపు నిండుగా పాడుతుంటే, ఎడమవైపు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు సన్నగా, కీచుగా ఉంది. తబలా డగ్గా దెబ్బ వినపడనే లేదు.

హాస్టల్ డే ఆరు రోజుల్లోకి వచ్చేసింది. అందరికీ టెన్షన్. బయట షాపులో అడిగితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, అంటే స్పీకర్లను నడిపే ఆ వెనకవి పోయాయి, నాలుగూ మార్చాలన్నారు.

మా ల్యాబ్ సార్ దగ్గరికి మోసుకెళ్లాం. ఆయన వెంటనే మూత తియ్యలేదు. ముందు బాక్సులు అటుది ఇటు మార్చమన్నారు. కీచు గొంతు రెండో బాక్సుకి వెళ్లింది. అంటే బాక్సు మంచిదే. తర్వాత టేప్ డెక్ నుంచి వచ్చే పిన్నులు మార్పించారు. ఈసారి జబ్బు ఉన్నచోటే ఉంది. డెక్‌దీ తప్పు కాదు, వైరుదీ కాదు. స్క్రూడ్రైవర్ పట్టకముందే సగం పని అయిపోయింది.

“దీనికి సర్క్యూట్ డయాగ్రమ్ లేదు సార్” అన్నాను.

“ఎందుకు లేదురా, కుడి చానల్ ఉందిగా!” అన్నారు.

అప్పటిదాకా నాకు ఆ డబ్బాలో కనిపించింది పాడైన ఎడమవైపు ఒక్కటే. స్టీరియోలో రెండువైపులా ఒకేలాంటి సర్క్యూట్ ఉంటుంది. ఆ మాటతో పోల్చి చూసుకోడానికి మంచివైపు కనిపించింది.

60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేశాం. భగ్గున వెలిగి, మెల్లగా మసకబారింది. లోపల షార్ట్ ఉంటే బల్బు అలాగే వెలుగుతూ ఉండేది. అంటే షార్ట్ లేదు. షాక్ కొట్టినా కరెంటు ఒక చేతినుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోకుండా, నా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోమని, ఒక్క కుడిచేత్తోనే మీటరు ప్రోబు పెట్టించారు సార్. సప్లై 42 వోల్టులు. అవుట్‌పుట్ కెపాసిటర్‌కి ముందు కుడివైపు 21, ఎడమవైపూ 21. సప్లైలో సరిగ్గా సగం దగ్గర నిలబడిందంటే ట్రాన్సిస్టర్లకు ఢోకా లేనట్టే. నాలుగూ కొత్తవి వేసినా ఆ కీచు గొంతే వినేవాళ్లం.

తర్వాత చిన్న స్క్రూడ్రైవర్ ఇనుప భాగాన్ని వేలితో పట్టుకుని, వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలికి తాకించమన్నారు. చుట్టూ ఉన్న కరెంటు తీగల హమ్మింగ్‌ని మన ఒళ్లు పట్టుకుంటుంది, అదే పరీక్షకి సిగ్నల్. కుడివైపు బుర్రుమని హమ్మింగ్. ఎడమవైపు ఎక్కడో దోమ మూలిగినట్టు. ఆ కాలి నుంచి బోర్డుకి వెళ్లే దారిలో 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటుంది. దాని అవతలి కాలు తాకాను. ఎడమ బాక్సు కూడా బుర్రుమంది! అంటే సిగ్నల్ ఆగిపోతున్నది ఆ కెపాసిటర్‌లోనే.

ఆ కెపాసిటర్ తెల్లటి సిమెంటు రెసిస్టర్‌కి ఆనుకుని ఉంది. ఏళ్ల తరబడి ఆ వేడికి పైతొడుగు ముడుచుకుపోయి, అంకెలు గోధుమరంగుకు తిరిగాయి. లోపలి ఎలక్ట్రోలైట్ ఎండిపోయింది. మేం పరీక్షకి బట్టీ పట్టిన 1 బై 2 పై ఆర్‌సీ సూత్రాన్ని సార్ బల్ల మీద చాక్‌పీసుతో రాశారు. ఏ స్వరం కింద నుంచి శబ్దం తగ్గడం మొదలవుతుందో ఆ కటాఫ్‌ని చెప్పే సూత్రం అది. 47 కిలో ఓమ్‌లకు 4.7 మైక్రోఫారడ్ అయితే కటాఫ్ ఒక హెర్ట్జ్ లోపే. అదే కెపాసిటర్ ఎండి 0.01 మైక్రోఫారడ్‌కి పడిపోతే 340 హెర్ట్జ్ దగ్గరికి వస్తుంది. ఆ కిందున్న స్వరాలు కిందికి వెళ్లేకొద్దీ సన్నగిల్లిపోతాయి. డగ్గా ఎటు పోయిందో అప్పుడు అర్థమైంది.

సార్ సొరుగులోంచి నీలం రంగు కెపాసిటర్ తీసి ఇచ్చారు. పాట సన్నగా పెట్టి, పాతదాన్ని తియ్యకుండానే, ప్లస్ మైనస్ చూసుకుని, బోర్డు కిందినుంచి దాని కాళ్ల మీద కొత్తదాని కాళ్లు అదిమాను. ఎడమ బాక్సులో డగ్గా మోగింది. వేళ్లు తీస్తే పోయింది, అదిమితే వచ్చింది. పన్నెండు మందిలో ఎవరూ మాట్లాడలేదు. నేను నాలుగైదు సార్లు అలాగే చేశాను, సార్ ఆపమనలేదు.

కుడివైపుదానికీ అంతే వయసు కదా అని, మర్నాడు కోఠి గుజరాతీ గల్లీకి పంపించి దాన్ని కూడా మార్పించారు. అక్కడ నల్లది దొరికింది. రెండిటినీ రెసిస్టర్లకు దూరంగా వంచి సోల్డర్ చేశాం.

వెళ్లేటప్పుడు ఆ ఆంప్లిఫయర్‌ని జూనియర్లకు ఇచ్చేశాం. మా తర్వాతి బ్యాచ్‌లలో ఎవరింట్లోనైనా ఉంటే మూత తీసి చూడండి. ఎడమ బోర్డు మీద నీలం కెపాసిటర్, కుడి బోర్డు మీద నలుపు. ఉంటే అది మనదే. పాడించేముందు ఆ రెండూ మార్చండి, ఇప్పటికి ఎండిపోయి ఉంటాయి.