ఆరు బొగ్గు వ్యాగన్లు, ఎనిమిది నెలలు

మా నాయన గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగానికి 2022లో ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ మా ఇంట్లో ఇప్పటికీ గార్డనే అంటాం. మోకాళ్ల నొప్పులొచ్చి బయట తిరగడం తగ్గాక, ఆదివారం పూట నన్ను వెంకటాచలం వైపు బైకు మీద తీసుకుపొమ్మనేవాడు. కృష్ణపట్నం పోర్టు లైను మెయిన్ లైనులో కలిసేది అక్కడే. గేటు పడితే అందరూ హారన్లు కొడుతుంటే ఆయన మాత్రం బండి దిగి, పోయే వ్యాగన్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేవాడు. యాభై ఎనిమిది వచ్చిందాకా మాట్లాడేవాడు కాదు.

పోయిన వేసవికి ఆ గేటు దాకా రావడం కూడా ఆయనకు కష్టమైంది. ఆ వ్యాగన్‌నే చిన్నది చేసి ఆయన ముందు పెట్టాలని అప్పుడనిపించింది.

మన దగ్గర బొగ్గు మోసే మామూలు వ్యాగన్ పేరు బాక్స్ఎన్. పైన కప్పు ఉండదు. చివరి ఎన్ అనే అక్షరం ఎయిర్ బ్రేకుకు గుర్తు. వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కప్లర్ నుంచి అవతలి కప్లర్‌కు పొడవు 10.713 మీటర్లు, వెడల్పు 3.2, పట్టా మీద నుంచి ఎత్తు 3.225 మీటర్లు. మోడల్ రైళ్లకు వాడే స్కేళ్లలో నేను ఎంచుకున్న హెచ్ఓలో ప్రతి కొలతనూ 87తో భాగించాలి. అంటే పొడవు 123 మిల్లీమీటర్లు, వెడల్పూ ఎత్తూ 37 చొప్పున వస్తాయి. అసలు రేక్‌లో, అంటే ఒక గూడ్స్ బండి మొత్తంలో, ఉన్నట్టు 58 పెడితే వ్యాగన్లే ఏడు మీటర్లు దాటతాయి. మా హాలు పద్నాలుగు అడుగులు. ఆరు చాలనుకున్నాను.

మొదట పట్టాల దగ్గరే రాజీ పడాల్సి వచ్చింది. మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు కాబట్టి ఈ స్కేలులో 19.3 రావాలి. కొనుక్కునే హెచ్ఓ పట్టా స్టాండర్డ్ గేజ్ లెక్కలో చేసింది, 16.5 మాత్రమే ఉంటుంది. దాదాపు మూడు మిల్లీమీటర్లు తక్కువ. ఎదురుగా నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది, పక్కనుంచి చూస్తే తెలియదు. మేం గేటు దగ్గర చూసేది పక్కనుంచే కదా అని ఒప్పుకున్నాను.

బోగీలు, అంటే వ్యాగన్ కింద చక్రాలుండే చట్రాలు, నేను చేయలేదు. బాక్స్ఎన్ కింద ఉండే కాస్నబ్ బోగీ అమెరికా గూడ్స్ బోగీల తరహాదే, అందుకని అమెరికన్ మోడల్ బోగీలు తెప్పించాను. చూపుకు సరిపోయాయి. మొదటి వ్యాగన్‌ను పట్టా మీద పెట్టి నాయనను పిలిచాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, వంగి చూసి, "ఏందిరా అబ్బయ్యా, కూలబడినట్టుందే" అన్నాడు.

కొలిచి చూస్తే ఆయన మాటే నిజం. మన చక్రం వ్యాసం మీటరు, స్కేలులో 11.5 మిల్లీమీటర్లు. నేను తెప్పించినవి 9.6. దాంతో వ్యాగన్ సుమారు ఒక మిల్లీమీటరు కిందికి దిగిపోయింది. బోగీకీ అడుగు రేకుకూ మధ్య వాషర్లు వేసి లేపాను. ముప్పై ఏళ్లు ఆ వ్యాగన్ల వెనక ప్రయాణం చేసిన కన్ను అది. ఆ తరవాత ఆయన్ను అడక్కుండా ఏ పనీ చేయలేదు.

బాడీ ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటుతో చేశాను. ఆరు వ్యాగన్లకూ పక్క బద్దీలు కోసి అతికించడానికే రెండు నెలలు పట్టింది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఓపిక ఉంటే చాలు.

బొగ్గు దగ్గర మాత్రం బాగా దెబ్బతిన్నాను. ఇస్త్రీ బొగ్గులు నలిపితే కళ లేకుండా మసిలా ఉన్నాయి. రాక్షసి బొగ్గుకు ఒక మెరుపు ఉంటుంది. తెలిసిన కొలిమి దగ్గర గుప్పెడు అడిగి తెచ్చి, గుడ్డలో కట్టి సుత్తితో కొట్టాను. రెండంగుళాల గడ్డ కూడా ఈ స్కేలులో అర మిల్లీమీటరే కాబట్టి టీ వడకట్టే జాలీతో జల్లించి, జాలీలోంచి రాలినదే తీసుకున్నాను. దాన్ని నేరుగా వ్యాగన్‌లో పోసి, నీళ్లు కలిపిన తెల్ల జిగురు పోశాను. రెండు రోజుల్లో జిగురు ఆరుతూ ముడుచుకుని, రెండు పక్క గోడల్నీ లోపలికి లాగేసింది. రెండు నెలల పనిలో రెండు వ్యాగన్లు అలా పోయాయి. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.

తరవాత పద్ధతి మార్చాను. థర్మోకోల్ ముక్కను వ్యాగన్‌లో వదులుగా పట్టేట్టు కోసి, నల్లరంగు వేసి, దాని మీద బొగ్గు అతికించాను. కావాలంటే పైకి తీసేయొచ్చు. పైభాగం చదునుగా చేశానని నాయన అదీ ఒప్పుకోలేదు. "పొక్లెయినరు బకెట్టుతో పోస్తార్రా, గుట్టగుట్టలుగా ఉంటది" అన్నాడు. మళ్లీ చేశాను.

బొగ్గు ముక్క తీస్తే ఖాళీ వ్యాగన్ కావాలి కదా, లోపల ఏ రంగు వేయాలో తెలియలేదు. గేటు దగ్గర నిలబడితే లోపలి భాగం కనిపించదు. ఒక రోజు ఓవర్‌బ్రిడ్జి మీద ఆగి, కింద పోతున్న ఖాళీ రేక్‌ను చూశాను. బయటి ఎరుపు గోధుమ రంగు లోపల ఎక్కడా లేదు. తుప్పు, మసి, మూలల్లో మిగిలిన కాస్త బొగ్గు. ఇంటికొచ్చి అలాగే వేశాను. అసలు ఖాళీ వ్యాగన్ బరువు 22 టన్నులు, నిండితే 81. రెంటి చప్పుడూ వేరు, కళ్లు మూసుకుని చెప్పొచ్చని నాయన అంటాడు.

మా వ్యాగన్లు మాత్రం మరీ తేలిక, 40 గ్రాములు. మలుపులో వెనక్కి తోస్తే పట్టా ఎక్కేసేవి. అమెరికా మోడల్ రైల్వే సంఘం సూచించిన లెక్క ఒకటుంది: ముందు ఒక ఔన్సు, ఆపైన అంగుళానికి అర ఔన్సు. మా వ్యాగన్‌కు 97 గ్రాములు వచ్చింది. చేపల వలలకు కట్టే సీసం గుళ్లు కొనుక్కొచ్చి, సుత్తితో చదును చేసి అడుగున అతికించాను. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. అప్పటి నుంచి ఒక్క వ్యాగన్ కూడా పట్టా తప్పలేదు.

సంక్రాంతికి ఆరూ తయారయ్యాయి. హాలులో పట్టా వేసి నడిపాను. నాయన కుర్చీలోంచి ముందుకు వంగి, చివరి వ్యాగన్ పోయిందాకా చూసి, "ఎల్‌వీ బోర్డేదిరా?" అన్నాడు. ఎల్‌వీ అంటే లాస్ట్ వెహికల్. బండి చివర ఆ బోర్డు కనిపిస్తేనే అది తెగకుండా మొత్తం వచ్చిందని స్టేషన్ మాస్టరు వెనక స్టేషన్‌కు చెబుతాడు. నేను ఆ సంగతే మరిచాను.

మధ్యాహ్నం నేను నిద్ర లేచేసరికి ఆయన క్యాలెండర్ అట్టలో గోరంత ముక్క కత్తిరించి, పసుపు రంగు పూసి, నల్ల పెన్నుతో అక్షరాలు రాస్తున్నాడు. చెయ్యి వణుకుతోంది. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. ఆరిన తరవాత తనే తీసుకెళ్లి ఆరో వ్యాగన్‌కు తగిలించాడు.