దిక్సూచి ముల్లు ఎందుకు కదల్లేదు

ఈరోజు ప్రాక్టికల్స్‌లో ఇంటర్ పిల్లల చేత కరెంటు పారే రంగు చేయించాను. 6బీ పెన్సిళ్లు చీల్చి, లోపలి నల్ల పుల్లను మెత్తగా నూరి, ఫెవికాల్‌లో దోసెపిండిలా కలిపారు. హెచ్‌బీ కన్నా 6బీలో మట్టి తక్కువ, గ్రాఫైట్ ఎక్కువ. పాత సెల్‌లోని కార్బన్ పుల్ల వాడదామని కొందరన్నారు కానీ, సెల్స్ పగలగొట్టడానికి నేను ఒప్పుకోను. ఆల్కలైన్ సెల్‌లో ఉండే క్షారం చేతులు కాలుస్తుంది. ఈ రంగును ప్లగ్గు దరిదాపులకు తేవద్దని కూడా గట్టిగా చెప్పాను.

అనంతపురం ఎండకు అట్ట మీద గీసిన పట్టీలు తొందరగానే ఆరాయి. పొడవు రెట్టింపైతే నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం) ఇంచుమించు రెట్టింపు, వెడల్పు రెట్టింపైతే సగం. 9 వోల్టుల బ్యాటరీతో ఎల్‌ఈడీ మసకగా వెలిగేసరికి ఒకటే కేకలు.

అప్పుడు పట్టీ పక్కన దిక్సూచి పెట్టి చూసిన వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "మేడమ్, కరెంటు పోతాంది కదా, మరి దిక్సూచి ముల్లు కదల్లేదేం?"

ఎంత మంచి ప్రశ్న! 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ ప్రయోగంలో కరెంటు పారే తీగ పక్కన ముల్లు తిరిగిందని పాఠం చెప్పింది నేనే. జవాబు చెప్పకుండా లెక్క కట్టమన్నాను. పట్టీ నిరోధం దాదాపు 4,500 ఓమ్‌లు. ఎల్‌ఈడీ తీసేసినా వచ్చేది 2 మిల్లీయాంపియర్లే. అంత కరెంటుకు సెంటీమీటరు దూరంలో ఏర్పడే అయస్కాంత క్షేత్రం, మనకిక్కడ ఉన్న భూమి క్షేత్రంలో సుమారు వెయ్యో వంతు. ముల్లు భూమి మాటే వింటుంది.

తర్వాత రాగి తీగ తీశాను. మన ఊళ్లో బోరు మోటార్లు కాలిపోవడం ఎక్కువ కాబట్టి వైండింగ్ షాపుల్లో ముక్కలకు కొదవ లేదు. "పిల్లోళ్లకే కదా, తీస్కపోండి మేడమ్" అని షాపాయన ఊరికే ఇచ్చాడు. చివర్లలో ఎనామిల్ గీకి, 1.5 వోల్టుల సెల్‌కు అలా తాకించగానే ముల్లు పక్కకు తిరిగింది. సెల్ వేడెక్కుతుంది కాబట్టి వెంటనే తీసేయమన్నాను. రాగి తీగ నిరోధం చాలా తక్కువ కాబట్టి కరెంటు ఎక్కువ పారింది. వోల్టేజి తక్కువ, ప్రభావం ఎక్కువ! ఆ పిల్ల మళ్లీ మళ్లీ తాకించి చూసుకుంది.

కొన్న కిట్‌తో చేయించి ఉంటే ఈ ప్రశ్న పుట్టేది కాదని నా నమ్మకం. రికార్డులో ఈ లెక్కకు ఒక పేజీ కేటాయించమన్నాను. వచ్చే క్లాసుకు అట్ట మొత్తానికీ రంగు పూయించి, బ్యాటరీ తగిలించి, మల్టీమీటర్‌తో 3 వోల్టులు చూపే చోట్లన్నీ చుక్కలు పెట్టించి ఒక గీతగా కలిపించాలి, మిగతా వోల్టేజిలకూ అలాగే. రంగు పలచగా ఉన్న దగ్గర గీతలు ఒత్తుగా వస్తాయి, అది కూడా వాళ్లే కనిపెట్టాలి.