బీరువాలో రివాల్వర్ ఎవరికి కాపలా?

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ మొదలయ్యాక చేతులు మారే నగదు, బెజవాడ వన్‌టౌన్‌లో పొద్దుపోయాక షట్టర్ దించే బంగారం కొట్లు, రాజధాని చుట్టూ భూముల ధరలు పెరిగాక ముదిరిన దాయాదుల తగాదాలు. వీటిలో ఏది తలకెక్కినా చివరికి ఒక మాట వస్తుంది: "ఒక రివాల్వర్ లైసెన్సు తీసుకుంటే పోలా?" ఆ భయం వట్టిది కాదు కాబట్టి ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. కాకపోతే లెక్క పూర్తిగా వేయాలి. దొంగ వచ్చిన ఆ ఒక్క రాత్రికే కాదు, రాని వేల రాత్రులకు కూడా వేయాలి.

ముందు చట్టం సంగతి. అమెరికాలో 1791లో రాజ్యాంగానికి చేర్చిన రెండో సవరణ వల్ల తుపాకీ పౌరుడి హక్కు అయింది. మన రాజ్యాంగంలో అలాంటిది లేదు. 2023 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌కు చెందిన కేసు విచారణలో సుప్రీంకోర్టు ఈ తేడానే గుర్తు చేసింది. మనకు వర్తించేవి 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనలు. వాటి ప్రకారం లైసెన్సు అనేది ప్రభుత్వం ఇచ్చే అనుమతి మాత్రమే. ఇవ్వకపోవచ్చు, ఇచ్చాక రద్దూ చేయవచ్చు.

21 ఏళ్లు నిండినవాళ్లు ఏ-1 ఫారంలో దరఖాస్తు పెట్టుకోవాలి. జిల్లాలో అయితే మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరుకు, కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనరుకు వెళుతుంది. వయసు, చిరునామా రుజువులతో పాటు శారీరక, మానసిక ఆరోగ్యం బాగుందని డాక్టర్ సర్టిఫికెట్, ఇంట్లో ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానన్న హామీపత్రం, ఆయుధం వాడకంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కావాలి. ఆ తర్వాత స్టేషన్ నుంచి విచారణకు వస్తారు: పాత కేసులు, ఇరుగుపొరుగుతో గొడవలు, నిజంగా ప్రాణభయం ఉందా అన్నది చూస్తారు. "వ్యాపారం ఉంది, డబ్బు తిరుగుతుంది" అన్న ఒక్క ముక్క చాలదు. బెదిరింపులపై ఫిర్యాదులు, నగదు రవాణా వివరాలు, ఆదాయపు పన్ను రిటర్నులు చూపగలిగితే దరఖాస్తుకు బలం. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి.

దొరికేవి ఏమిటంటే పాయింట్ 32 రివాల్వర్ లేదా పిస్టల్, పాయింట్ 22, పన్నెండు బోరు గన్ (బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు). 9 ఎంఎం, పాయింట్ 303 నిషిద్ధ బోరు కిందికి వస్తాయి, మామూలు లైసెన్సు మీద కొనలేరు. ఆడవాళ్ల రక్షణ కోసమంటూ 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ తెచ్చిన 'నిర్భీక్' పాయింట్ 32 రివాల్వర్ అర కిలో బరువు. అప్పట్లోనే దాని ధర లక్షా 22 వేలు దాటింది. ఎవరి రక్షణ కోసం తెచ్చామన్నారో వాళ్లలో ఎందరు అది కొనగలరు?

ఇక అసలు చిక్కు. భద్రంగా దాచడమంటే తుపాకీ ఖాళీగా లాకర్‌లో ఉండాలి, తూటాలు వేరేచోట తాళంలో ఉండాలి, తాళంచెవి పిల్లలకు అందకూడదు. రాత్రి రెండింటికి తలుపు పగులుతున్న చప్పుడు విని లేచిన మనిషి ఏం చేయాలో ఊహించండి. తాళంచెవి వెతకాలి, లాకర్ తీయాలి, రెండోచోటి నుంచి తూటాలు తేవాలి, వణికే వేళ్లతో ఒక్కొక్కటే సిలిండర్‌లో పెట్టాలి, లైటు వేయాలి, ఎదురుగా ఉన్నది దొంగా లేక నీళ్లు తాగడానికి లేచిన కొడుకా అన్నది తేల్చుకోవాలి. ఎంత చకచకా చేసినా నిమిషం పైమాటే. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో వివరించిన పరీక్ష ప్రకారం, కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. మన ఫ్లాట్లలో హాలు పొడవే అంత ఉండదు.

ఇదంతా తప్పించుకోవాలని లోడు చేసిన రివాల్వర్‌ను దిండు కిందో, బీరువా పై అరలోనో పెట్టుకుంటారు. అప్పుడది యజమానికి అందుతుంది, ఇంట్లో మిగతా అందరికీ అందుతుంది. పిల్లల వేళ్లకు బలం చాలదనుకోవడం ప్రమాదం. మూడు నాలుగేళ్ల పిల్లల్లో కూడా కొందరు రెండు వేళ్లు కలిపి ట్రిగ్గర్ లాగగలరు. ఎంత భద్రంగా దాస్తే అవసరానికి అంత దూరం, ఎంత దగ్గర పెట్టుకుంటే ఇంట్లోవాళ్లకు అంత ముప్పు. ఎంత జాగ్రత్తపరుడైనా ఈ ముడి విప్పలేడు. ఇంట్లో తుపాకీ వద్దనడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

వస్తువులోనే ఉన్న లోపాలు వేరే ఉన్నాయి. పిస్టల్‌లో మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేస్తే ఖాళీ అయిపోయిందనుకుంటారు, చాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో, ఒక తూటా మిగిలే ఉండవచ్చు. "శుభ్రం చేస్తుంటే పేలింది" అన్న వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఆ ఒక్క తూటానే. స్లయిడ్ (పిస్టల్ మీద జరిగే పైభాగం) వెనక్కి లాగి, చాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమితే తప్ప ఖాళీ అని నమ్మకూడదు. పాత రివాల్వర్లలో హామర్‌ను (తూటాను పేల్చడానికి కొట్టే సుత్తిని) అడ్డుకునే భాగం లేని మోడళ్లు ఉన్నాయి. వాటిలో హామర్ కింద తూటా ఉన్న గది ఉంటే, చేయి జారి నేలమీద పడినా పేలవచ్చు. అందుకే ఆరు గదులున్నా ఐదే నింపి, హామర్ కింద గదిని ఖాళీగా ఉంచడం పాత పద్ధతి. మన కోస్తా ఉక్క వల్ల మరో తంటా. తోలు పౌచ్‌లో ఏళ్ల తరబడి ఉంచిన తూటాల ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు) చెమ్మగిల్లుతుంది. అవసరానికి ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని ఊరుకుంటుంది. అంతకంటే ప్రమాదం, కొన్ని క్షణాలు ఆగి పేలడం. అందుకే పేలని తుపాకీని వెంటనే తెరవకూడదు, అర నిమిషమైనా మనుషుల్లేని దిక్కుకే పట్టి ఉంచాలి. ఎదురుగా దొంగ ఉన్నప్పుడు అది ఎవరికి సాధ్యం?

గురి తప్పిన తూటా సంగతి కూడా ఆలోచించాలి. ఇటుక గోడ ఆపవచ్చు గానీ, ప్లైవుడ్ తలుపు, కిటికీ అద్దం ఆపలేవు. కాంక్రీటు మీద, గ్రానైట్ మీద తగిలితే ఎటు మళ్లుతుందో చెప్పలేం. బెంజి సర్కిల్ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో తలుపుకు ఎదురుగా తలుపు ఉంటుంది. మీ ఆత్మరక్షణలో ఆ ఎదురింటివాళ్లను ఎవరూ అడక్కుండానే భాగస్వాములను చేస్తున్నారు.

తుపాకీ వల్ల నేరాలు ఆగుతాయన్న వాదనకు అమెరికాలో ఎప్పుడూ చూపే అంకె ఒకటుంది: ఏడాదికి 25 లక్షల సార్లు జనం తుపాకీతో తమను తాము కాపాడుకుంటున్నారని. 1995లో అచ్చయిన ఒక టెలిఫోన్ సర్వే నుంచి వచ్చింది అది. సుమారు 5,000 మందిని అడిగి, ఒక శాతం చిల్లర మంది "అవును" అంటే దాన్ని దేశంలోని దాదాపు 19 కోట్ల పెద్దవాళ్లతో హెచ్చవేశారు. ఇలాంటి లెక్కలో నూటికి ఒక్కరు తప్పు చెప్పినా, ఏడాది కిందటిదాన్ని నిన్నటిదిగా గుర్తు చేసుకున్నా 19 లక్షలు గాల్లోంచి పుడతాయి. నేర బాధితులను నేరుగా అడిగే అక్కడి ప్రభుత్వ సర్వేల్లో ఆ సంఖ్య లక్ష దగ్గరే ఉంటోంది. అంటే ఉపయోగం సున్నా కాదు, చెప్పుకునేంతా లేదు.

ఖర్చు వైపు లెక్క మాత్రం గాల్లోంచి రాదు, మరణ ధ్రువీకరణ పత్రాల నుంచి వస్తుంది. 2023లో అమెరికాలో తుపాకీతో పోయినవాళ్లు 46,728 మంది. అందులో ఆత్మహత్యలు సుమారు 27,300. హత్యల కంటే అవే ఎక్కువ. దొంగ కోసం కొన్న తుపాకీ ఎక్కువగా తీసేది కొన్నవాడి ప్రాణమే, లేదా అతని ఇంట్లోవాళ్లది. కాలిఫోర్నియాలో రెండున్నర కోట్ల మందికి పైగా పెద్దవాళ్ల వివరాలను పన్నెండేళ్లు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, చేతి తుపాకీ ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం, తుపాకీ లేనివాళ్లకంటే సుమారు 8 రెట్లు, ఆడవాళ్లలో 35 రెట్లు. తుపాకీ ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ల మీద 2022లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, జీవిత భాగస్వామి చేతిలో తూటాకు బలయ్యే ప్రమాదం వాళ్లకు 7 రెట్లకు పైగా ఎక్కువ. అలా పోయినవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు.

"చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు" అంటారు. గుంటూరు జిల్లాలో ఈ మాట అనకూడదు. పత్తి, మిర్చి నష్టపోయిన ఇళ్లలో పురుగుమందు డబ్బా చేతికందే దూరంలో ఉండటం ఎన్ని కుటుంబాలను కూల్చిందో మనకు తెలుసు. శ్రీలంకలో 1995 నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను ఒకటొకటిగా నిషేధించారు. తర్వాతి ఇరవయ్యేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. మనుషుల కష్టాలు తీరిపోలేదు, చేతిలో ఉన్న సాధనం మారింది, అంతే. చాలామందిలో ఆ ఆలోచన ఉధృతంగా ఉండేది నిమిషాలో, కొద్ది గంటలో. ఆ గండం గడిచి బతికినవాళ్లలో పదింట తొమ్మిది మంది తర్వాత ఆత్మహత్యతో చనిపోవడం లేదు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో వారాంతపు సెలవుకు ఇంటికెళ్లే సైనికులు ఆయుధాలు శిబిరంలోనే వదిలి వెళ్లాలని నియమం పెడితే, సైనికుల ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. ఇంట్లో ఎవరైనా దిగులుతో, అప్పులతో, మద్యంతో సతమతమవుతుంటే తుపాకీని ఆ రోజే డీలర్ దగ్గరో స్టేషన్‌లోనో డిపాజిట్ చేయండి. మానసిక ఆరోగ్య సహాయానికి టెలి-మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడవచ్చు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు ఒక మాట. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. కొందరు కుర్రాళ్లు ఆ దారిన కొంటున్నారు. రూమ్మేట్లు నలుగురుండే అపార్టుమెంటులో, శిక్షణ లేని చేతుల్లో, పుట్టినరోజు పార్టీల మధ్య ఆ తుపాకీ ఉంటుంది. ఫోన్‌లో చదువు, ఉద్యోగం అడిగినట్టే ఇదీ సూటిగా అడగండి.

తుపాకీ అవసరమైన చోట్లు లేవని నేను అనను. బ్యాంకు గుమ్మంలో డబుల్ బ్యారెల్‌తో నిలబడే గార్డుకు అది ఉద్యోగం: శిక్షణ ఉంది, డ్యూటీ దిగితే ఆయుధం అప్పగిస్తాడు. నల్లమల అంచున అడవిపందులతో వేగే రైతు బాధ నిజం. పంట రక్షణకు లైసెన్సు అడిగే దారి చట్టంలోనే ఉంది. కానీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చకూడదు, దానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. క్రీడగా షూటింగ్ నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. అందరికీ తుపాకీ ఉంటే ఊరు భద్రంగా ఉంటుందన్న మాటనే నేను ఒప్పుకోలేను. 2016 చివరికి దేశంలో ఉన్న 33.69 లక్షల లైసెన్సుల్లో 12.77 లక్షలు ఉత్తరప్రదేశ్‌వే. ఆ లైసెన్సులతో అక్కడి జనం మనకంటే నిశ్చింతగా నిద్రపోతున్నారని ఎవరూ చెప్పలేరు. పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చి అతిథుల ప్రాణాలు తీసే పిచ్చి ఉత్తరాదిలో ఎంతగా ముదిరిందంటే, 2019 సవరణలో దానికి రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పెట్టాల్సి వచ్చింది. పల్నాడులో ఎన్నికల తగాదాలు రాళ్లు, కర్రలు, పెట్రోల్ బాంబులతోనే ఊళ్లను ఖాళీ చేయించాయి. అక్కడ ఇంటికో తుపాకీ ఉంటే ఎన్ని శవాలు లేచేవో ఊహించడానికే భయమేస్తుంది.

భయానికి మందు వేరే ఉంది, చవకది కూడా. ఇళ్ల దొంగతనాల్లో చాలావరకు తాళం వేసిన ఇళ్లలో, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు జరిగేవే. అప్పుడు బీరువాలోని రివాల్వర్ కాపలా కాయదు, బంగారంతో పాటు దొంగ సంచిలోకి వెళ్లి లైసెన్సు లేని ఆయుధమవుతుంది. ఊరెళ్లేముందు మన పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ సేవ అడగండి, తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి కదలిక కనిపిస్తే స్టేషన్‌కు కబురందేలా చూస్తారు. తలుపుకు లోపలి గడియతో పాటు ఇనుప గ్రిల్, గుమ్మం దగ్గర మోషన్ లైటు, నగలకు బ్యాంకు లాకరు. యార్డు వ్యాపారులు నగదు తగ్గించి ఖాతాల్లో జమ చేయించుకోవాలి. తప్పనిసరైతే రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో, ఒంటరిగా తీసుకెళ్లకూడదు. ఇంట్లో మనుషులుండగా ఎవరైనా చొరబడితే ఒక గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని 112కు ఫోన్ చేయాలి. పారిపోతున్న దొంగ వీపు మీద కాలిస్తే భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు మిమ్మల్ని కాపాడటం చాలా కష్టం. అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ చెబుతోంది.

తాతగారి కాలం నాటి పన్నెండు బోరు అటక మీద ఉన్న ఇళ్లకు చివరగా ఒక సూచన. లైసెన్సుదారు చనిపోయాక దాన్ని వారసత్వంగా అలాగే ఉంచుకోవడం నేరం. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష రెండేళ్లు. ఉంచుకోదలిస్తే వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ తీసుకుని పాతికేళ్లయినా బతికుండగానే వారసుడి పేర మార్పు కోరవచ్చు. వద్దనుకుంటే ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పండి. చాంబర్ ఖాళీ అని తెలిసినవాళ్లతో చూపించి, గుడ్డలో చుట్టి, పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువీకరణ పత్రంతో కలిపి అప్పగించండి. రసీదులో తుపాకీ తయారీ, బోరు, నంబరు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి, తూటాలుంటే వాటి సంఖ్య కూడా రాయించుకోండి.