మొప్ప విప్పి చూడమన్నారు

జపాన్‌లోని షిగాలో ఒక ల్యాబ్‌లో చేరిన మొదటి నెలంతా షిజిమి గుల్లలు వేరుచేయడమే నా పని. షిజిమి అంటే రూపాయి బిళ్లంత ఉండే ఆల్చిప్ప. ఇక్కడ దీన్ని మిసో సూప్‌లో వేసుకుంటారు. బివా సరస్సులో పట్టినవీ, చుట్టుపక్కల కాలవల్లో పట్టినవీ ఒకరోజు ఒకే ట్రేలో కలిసిపోయాయి. పసుపు ఛాయ ఉన్నవి సరస్సువనీ, నల్లటివి కాలవవనీ రంగు చూసి విడదీశాను. మధ్యాహ్నానికి రెండొందలు పూర్తిచేసి లెక్క రాసిచ్చాను.

మా సీనియర్ ఏమీ అనలేదు. ఇక్కడ తప్పు చేస్తే గొంతు పెంచరు. మొదట్లో నాకు దానికే ఎక్కువ టెన్షన్‌గా ఉండేది. ఆవిడ పక్కన కూర్చుని, నేను సరస్సువని పెట్టిన వాటిలో ఒకదాన్ని విప్పి, మొప్పను మైక్రోస్కోప్ కింద పెట్టారు. మొప్ప నిండా పిల్లలు.

"సెతా షిజిమి పిల్లల్ని మొయ్యదు" అన్నారు.

సెతా షిజిమి బివాలోనూ, అక్కణ్ణుంచి పారే నీళ్లలోనూ తప్ప లోకంలో ఇంకెక్కడా పుట్టినది కాదు. ఇందులో ఆడా మగా వేరు. గుడ్లూ వీర్యకణాలూ నీళ్లలోకి వదిలేస్తాయి. కాలవల్లో దొరికే మాషిజిమి, దిగుమతుల వెంట వచ్చిన పసుపుపచ్చ తైవాన్ షిజిమి మాత్రం రెండు లింగాలూ ఒకే ఒంట్లో పెట్టుకుని, పిల్లల్ని మొప్పలోనే పెంచుతాయి. నన్ను బోల్తా కొట్టించింది ఆ తైవాన్ రకమే.

అంతకంటే వింత ఇంకొకటుంది. మాషిజిమి గుడ్డు తన సొంత క్రోమోజోములను బయటికి తోసేస్తుంది. పిల్లకు మిగిలేది వీర్యకణంలో వచ్చినవే. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని చూపించారు. తల్లి వైపు నుంచి అందే డీఎన్‌ఏ మైటోకాండ్రియాలోనిది ఒక్కటే; మైటోకాండ్రియా అంటే కణానికి శక్తినిచ్చే భాగం. ఆ వీర్యకణం వేరే రకం గుడ్డులో దూరితే, పుట్టే పిల్ల కేంద్రకం ఒక వంశానిది, మైటోకాండ్రియా ఇంకో వంశానిది. ఒక్క మైటోకాండ్రియా డీఎన్‌ఏతో వంశవృక్షం గీస్తే అది అబద్ధం చెప్పవచ్చు. వర్గీకరణ అంటే పేర్లు పెట్టడమేనని అనుకునేదాన్ని. పేరు ఆఖరికి వస్తుందని ఈ బల్ల దగ్గరే తెలిసింది.

ఇండోనేషియాలోని పోసో సరస్సులో రాతికి అతుక్కుని బతికే ఆల్చిప్ప ఒకటుంది. 1998లో దానికి కొత్త ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కట్టి పోసోస్ట్రియా అన్నారు. 2006లో డీఎన్‌ఏ చూశాక అదీ మన షిజిమి ప్రజాతి కార్బిక్యులాలోదేనని తేలింది. సరస్సు పాతదైతే ఇంత మారడానికి తీరిక దొరుకుతుంది. బివా వయసు దాదాపు 40 లక్షల ఏళ్లు. ఇప్పుడున్న లోతైన భాగం వరకే చూస్తే సుమారు 4 లక్షలు.

మాది కాకినాడ వైపు. చిన్నప్పుడు గుల్లలంటే సున్నపు బట్టీలోకి పోయేవే. ఒక్కో గుల్ల లోపల ఏముందో చూడాలని ఎవరికీ తోచేది కాదు, నాకూ తోచలేదు. బివాలో ఒకప్పుడు, 1950లలో, సెతా షిజిమి ఏటా వేల టన్నులు పట్టేవారు. పొలాల కలుపు మందులు, ఇసుక తవ్వకాలు, పాడైన నీళ్లు దాన్ని చాలా తగ్గించేశాయి. అందుకే ఒక్కటి తప్పుగా లెక్కపెట్టినా నాకు కష్టంగానే ఉంటుంది. ఉన్నవాటి లెక్కే తప్పితే కాపాడేదేమిటి?

ఆ రెండొందలూ మళ్లీ మొదటి నుంచి చేశాం. మొప్పలో పిల్లలున్నవి పక్కకు తీశాం. పిల్లలు లేనంత మాత్రాన సెతా అనుకోకూడదు, అందుకని పెంకు వంపు, మొన ఎత్తు వెర్నియర్‌తో కొలిచాం. పదకొండు ఎటూ తేలలేదు. వాటి సీసాలో పెన్సిల్‌తో రాసిన చీటీ వేయమన్నారు. ఆల్కహాల్‌లో పెన్ ఇంకు కరిగిపోతుంది. "షిజిమి, జాతి తేలలేదు" అని రాశాను. వచ్చే నెల వాటి కేంద్రక డీఎన్‌ఏ తీయబోతున్నాను.