మూడో వంతు ఆవేశం ఏ దారిన దాటుతుంది?

ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతు మోసే కణాలు ఉన్నాయని చెప్పగానే మా ఎమ్మెస్సీ తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: "అయితే ఎలక్ట్రాన్ ముక్కలైపోతుందా మేడమ్?" కాదు. ఎలక్ట్రాన్‌కు ఏమీ కాదు. కానీ అంత చెప్పి ఊరుకుంటే వాళ్లకు తృప్తి ఉండదు, నాకూ ఉండదు. అందుకే తిన్నగా టన్నెలింగ్ దగ్గరికి, అంటే మామూలుగా దాటలేని అడ్డంకిని కణం దాటిపోవడం దగ్గరికి, వెళ్లిపోతాను. ఈ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉందని నా నమ్మకం.

గాలియం ఆర్సెనైడ్, అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పొరలు కలిసే చోట ఎలక్ట్రాన్లను ఒక పలుచని తలంలో బంధించి, బాగా చల్లబరిచి, నిలువుగా బలమైన అయస్కాంత క్షేత్రం పెడితే అవి ఒక ద్రవంలా మారతాయి. 1982లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన డేనియల్ సుయ్, హోర్స్ట్ స్టోర్మర్, ఆర్థర్ గోసార్డ్ అలాంటి నమూనాలోనే, ఎలక్ట్రాన్ల అత్యల్ప శక్తి స్థాయిలోని స్థానాల్లో మూడో వంతు నిండినప్పుడు, హాల్ నిరోధం (కరెంటుకు అడ్డంగా పుట్టే వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది) దాదాపు 77.4 కిలోఓమ్‌ల దగ్గర మెట్టులా నిలబడటం చూశారు. మరుసటి ఏడాదే రాబర్ట్ లాఫ్లిన్ కారణం చెప్పాడు. ఆ ద్రవంలో ఒక్కో ఎలక్ట్రాన్‌కు మూడేసి ఫ్లక్స్ క్వాంటమ్‌లు, అంటే అయస్కాంత ఫ్లక్స్ చిన్న మోతాదులు, ఉంటాయి. ఇంకొక్కటి అదనంగా దూరిస్తే అక్కడ ద్రవం కాస్త పలచబడి గుంట పడుతుంది. ఆ గుంటలో తగ్గిన ఆవేశం సరిగ్గా మూడో వంతు. క్వాసీపార్టికల్ అంటే ఇదే. విడిగా తీసి చేతిలో పెట్టుకోగల వస్తువు కాదు, ద్రవం మొత్తం కలిసి చేసే సర్దుబాటు.

ఇప్పుడు ఈ ద్రవం మీద రెండు మెటల్ గేట్లు ఎదురెదురుగా పెట్టి, వోల్టేజీతో మధ్యలో నొక్కుదాం. ద్రవం ఆ చోట సన్నబడి, కరెంటు పోయే దాని రెండు అంచులూ దగ్గరికొస్తాయి. ఒక అంచులో పోతున్న క్వాసీపార్టికల్ మధ్యనున్న ద్రవం గుండా రెండో అంచుకు దాటగలదు. అదే గేట్లను ఇంకా గట్టిగా నొక్కితే ద్రవం తెగి రెండు ముక్కలవుతుంది, మధ్యలో ఖాళీ మిగులుతుంది. ద్రవమే లేనిచోట దాని గుంట ఎలా ఉంటుంది? పైగా విడిపోయిన ఒక్కో ముక్కలో ఎలక్ట్రాన్లు పూర్ణ సంఖ్యలోనే ఉండాలి. కాబట్టి ఆ ఖాళీని దాటేది పూర్తి ఎలక్ట్రాన్ మాత్రమే. దాటేది ఎంతో తేల్చేది మధ్యలో ఉన్న పదార్థం! ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు మళ్లీ అంతే ఉత్సాహం వస్తుంది.

దీన్ని కొలిచేది షాట్ నాయిస్‌తో, అంటే కరెంటులోని ఒడిదుడుకులతో. రేకు మీద ఒకే బరువు ఇసుక పోసినా, గులకరాళ్లు పోసినా సగటు ఒకటే, చప్పుడు మాత్రం వేరు. కరెంటులో ఉండే ఒడిదుడుకులు కూడా అలాగే దాటే ఆవేశం పరిమాణాన్ని చెబుతాయి. 1997లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో మోటీ హైబ్లమ్ బృందం, ఫ్రాన్స్‌లోని సాక్లేలో క్రిస్టియన్ గ్లాట్లీ బృందం వేర్వేరుగా కొలిచి మూడో వంతే తేల్చాయి. 2000లో వైజ్‌మన్ బృందమే గేట్లను క్రమంగా బిగిస్తూ పోయి, ఆ ఆవేశం మూడో వంతు నుంచి పూర్తి ఎలక్ట్రాన్ వైపు మారడం చూపింది.

ఉష్ణోగ్రత తగ్గిస్తే ఇంకో విశేషం. సిద్ధాంతం ప్రకారం ఖాళీ గుండా ఎలక్ట్రాన్ టన్నెలింగ్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పడిపోతుంది. ద్రవం గుండా క్వాసీపార్టికల్ టన్నెలింగ్ మాత్రం మైనస్ 4/3 ఘాతంతో పెరుగుతూ పోతుంది. అంటే చల్లబడేకొద్దీ ఆ సన్నని చోటు మరింత అడ్డు పడి, చివరికి ద్రవాన్నే తెంపినంత పని చేస్తుంది. ప్రయోగాల్లో ఘాతాలు ఇంత శుభ్రంగా రావు. బయటి లోహం నుంచి అంచులోకి ఎలక్ట్రాన్లు దాటే ప్రయోగంలో, వోల్టేజీతో కరెంటు పెరిగే ఘాతం 3 రావాల్సిన చోట 1996లో సుమారు 2.7 వచ్చింది. నిజమైన అంచు ఊహించినంత సాదాగా ఉండదు. అందుకే సాక్ష్యంగా నేను ఘాతాలకంటే నాయిస్‌నే ఎక్కువ నమ్ముతాను.

మరి మూడో వంతు ఆవేశమే వచ్చి, ఎలక్ట్రాన్‌కు తప్ప దారివ్వని ఖాళీని గుద్దుకుంటే? తరగతిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. అవతలికి ఒక పూర్తి ఎలక్ట్రాన్ వెళ్తుంది. వచ్చింది మూడో వంతే కాబట్టి, మిగతా మూడింట రెండు వంతులు వ్యతిరేక గుర్తుతో వెనక్కి వెళ్లాలి. దీన్ని సిద్ధాంతవేత్తలు కేన్, ఫిషర్ 2003లోనే ఊహించారు. 2023లో ఫ్రాన్స్‌లో ఒక బృందం అటు వెళ్లిన కరెంటు ఒడిదుడుకులనూ, ఇటు తిరిగొచ్చిన కరెంటు ఒడిదుడుకులనూ పోల్చి చూసింది. లెక్క సరిపోయింది: అటు ఒకటి, ఇటు మైనస్ మూడింట రెండు.